120కి 48 వచ్చాక: ఐఎస్ఐ, సీఎంఐ ప్రవేశ పరీక్షల రెండో ప్రయత్నంపై ఒక కేస్ స్టడీ

ఇంటర్ గణితంలో 300కి 296 తెచ్చుకున్న అమ్మాయి అదే వేసవిలో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్ష మొదటి పేపర్లో 120కి 48 దగ్గర ఆగిపోయింది. లెక్కలు రానివాళ్లకు 296 రావు. లెక్కలు బాగా వచ్చినవాళ్లకు 48 రాకూడదు. ఈ రెండు అంకెలూ ఒకే అమ్మాయివి ఎలా అయ్యాయో తేల్చుకోవడానికి జూన్ నెల పోయింది, సరిచేసుకోవడానికి మిగతా ఏడాది పట్టింది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గణితం చెప్పి రిటైరయ్యాను. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా ఇంటికి సాయంత్రం పూట ఒకరిద్దరు పిల్లలు వస్తుంటారు. ఎంసెట్ కోచింగ్ (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి, నోరు తిరగదు) నా పని కాదు. గణితమే చదువుకుంటామని వచ్చేవాళ్లతో కూర్చుంటాను. ఈ అమ్మాయిది చీపురుపల్లి దగ్గర పల్లె. నాన్నది కిరాణా కొట్టు. పదో తరగతి వరకు తెలుగు మీడియం, జిల్లా పరిషత్ బడి. ఇంటర్ ఇంగ్లిష్ మీడియం, హాస్టల్లో. తననూ, ఇంట్లోవాళ్లనూ అడిగే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పరీక్షల గురించి ముందు కొంచెం చెప్పాలి, మన వైపు చాలామందికి వీటి పేరే తెలీదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో కలకత్తాలో పెట్టారు. అక్కడ బీస్టాట్, బెంగళూరు కేంద్రంలో బీమ్యాథ్ అని డిగ్రీ కోర్సులు. రెండింటికీ ప్రవేశ పరీక్ష ఒకటే, రెండు పేపర్లు. యూజీఏ అంటే 30 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండు గంటలు. సరైన జవాబుకు 4, తప్పుకు 0, వదిలేస్తే 1. యూజీబీలో 8 ప్రశ్నలు, అదీ రెండు గంటలే, పూర్తి సమాధానం రాయాలి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) చెన్నై దగ్గర సిరుసేరిలో ఉంది, 1989లో గణిత శాస్త్రవేత్త శేషాద్రి గారు మొదలుపెట్టినది. దాని పరీక్షలో చిన్న జవాబుల భాగం ఒకటి, వివరంగా రాసే భాగం ఒకటి. మొదటి భాగంలో గీత దాటినవాళ్ల రెండో భాగాన్నే దిద్దుతారు. రెండు చోట్లా ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండవు. రెండు సంస్థలూ పాత పేపర్లు తమ సైట్లలో పెడతాయి. డబ్బులిచ్చి కొనక్కర్లేదు, ఈ ఒక్క మాట ఇంటింటికీ తిరిగి చెప్పాలనుంటుంది నాకు.

అమ్మాయి ఆ మేలో రెండూ రాసింది. రెండూ రాలేదు.

పేపరు విప్పి చూడడం

జూన్ మొదటి వారంలో తండ్రీ కూతుళ్లు వచ్చారు. తండ్రి చేతిలో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కాగితాలు. అమ్మాయి ఏమీ మాట్లాడదు. నేను మార్కుల సంగతి అడగలేదు. "ఏ ప్రశ్నకి ఏం పెట్టేవో, ఎందుకు పెట్టేవో గుర్తున్నంత వరకూ రాసి తేమ్మా" అన్నాను. ఓడిపోయిన పేపరు మళ్లీ ముట్టుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ నాలుగు వారాలు పోతే ఎందుకు పెట్టామన్నది మాసిపోయి, ఏం పెట్టామన్నదే మిగులుతుంది. నాకు కావలసింది ఆ మొదటిది.

తెచ్చింది. యూజీఏలో 30కి 30 నింపింది. సరైనవి 12. అంటే 48. ఇక్కడ ఒక మాట గమనించాలి. పేరు, నంబరు రాసి జవాబుపత్రం ఖాళీగా ఇచ్చేసినా ఈ పరీక్షలో 30 మార్కులు వస్తాయి. రెండు గంటల కష్టానికి ఆమె సంపాదించింది నిజానికి 18.

ఆ పన్నెండింటిలో నిజంగా చేసి పెట్టినవి 9. మిగతా 21 సగం చేసి వదిలేసినవో, ఊహించినవో. ఆ 21లో 3 తగిలాయి, 12 మార్కులు. ఇరవై ఒకటీ ఖాళీగా వదిలేసి ఉంటే 21 వచ్చేవి, మొత్తం 57 అయ్యేది. "నెగెటివ్ మార్కులు లేవు కదా సార్, అందుకే వొదల్లేదు" అంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకు కోత లేదు. అక్కడ ఖాళీ వదలడం తెలివితక్కువతనం. ఆ అలవాటు ఇక్కడికి వచ్చింది.

లెక్క వేసి చూపించాను. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, సగటున వచ్చేది నాలుగో వంతు సార్లు 4, అంటే 1. వదిలేసినా 1. కాబట్టి గుడ్డిగా పెట్టడం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే సగటు 4లో మూడో వంతు, 1.33. అప్పుడు పెట్టాలి. మరి ఆమెకు 21లో 3 మాత్రమే ఎందుకు తగిలాయి? గుడ్డిగా పెట్టినా ఐదారు తగలాలి కదా? ఎందుకంటే ఆమె గుడ్డిగా పెట్టలేదు, సగం తెలిసి పెట్టింది. పేపరు తయారుచేసేవాళ్లు సగం తెలిసినవాళ్లు ఎక్కడ ఆగుతారో సరిగ్గా అక్కడ ఒక ఆప్షన్ పెడతారు. ఐఎస్ఐ స్థాయి ప్రశ్న కాదు గానీ ఉదాహరణకు: ఎక్స్‌కు 6 కలిపి వర్గమూలం తీస్తే మళ్లీ ఎక్స్ రావాలి. అలాంటి వాస్తవ సంఖ్యలు ఎన్ని? వర్గం చేస్తే 3, −2 వస్తాయి. చెయ్యి దానంతటదే రెండు అని పెట్టేస్తుంది. −2 పెట్టి చూస్తే వర్గమూలం 2, ఇటు −2. కుదరదు. జవాబు ఒకటి. అలాంటి చోట ఆమె పడిపోయినవి ఏడెనిమిది ఉన్నాయి.

యూజీబీ ఇంకా అధ్వానం. ఆరు ప్రశ్నలు ముట్టుకుంది. ఒక్కటి మాత్రం పూర్తి. ఒక ప్రశ్నకు సరైన చివరి జవాబు రాసి కింద రెండు గీతలు కొట్టింది, ఇంటర్ పేపర్లో కొట్టినట్టు. ఎలా వచ్చిందో ఒక్క వాక్యం లేదు. "జవాబు కరెక్టే కద సార్?" అని అడిగింది. కరెక్టే.

రూట్ నాలుగు

నాకు అనుమానం వచ్చింది గానీ తేల్చుకోవాలి. రూట్ రెండు కరణీయ సంఖ్య (ఇర్రేషనల్) అని నిరూపించమన్నాను. పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలోదే. గబగబా తెలుగులో రాసేసింది, విరోధాభాసం దాకా తప్పు లేకుండా. పదో తరగతి టీచరెవరో గాని గట్టిగా నేర్పారు.

"బాగుంది. ఇప్పుడిదే నిరూపణ రూట్ నాలుగుకి రాయి. రూట్ నాలుగు అకరణీయం కదా, రెండే కదా. మరి ఏ లైను దగ్గర ఆగిపోవాలో చూపించు."

అప్పటికప్పుడు చెప్పలేదు. ఇంటికి పట్టుకెళ్లింది. రెండు రోజుల తర్వాత వచ్చి, "నాలుగు వర్గాన్ని భాగిస్తే సంఖ్యను కూడా భాగించాలని లేదు సార్, రెండు వర్గం నాలుగే, కానీ రెండును నాలుగు భాగించదు" అంది. మొదటిసారి ఆ అమ్మాయి ముఖంలో మార్కుల గొడవ కనపడలేదు.

నాకు కావలసిన సమాచారం రెండూ దొరికాయి. ఒకటి, ఈ పిల్లకు నిరూపణ అంటే ఏమిటో కంఠతా వచ్చు, పని చేసే విధానం తెలీదు. రెండు, రెండు రోజులు ఒక ప్రశ్నను మోసే ఓపిక ఉంది. మొదటిది నేర్పవచ్చు. రెండోది లేకపోతే నేను ఆ రోజే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు పంపేసేవాణ్ని.

నిరూపణ అన్నది ఆమె చదువులో పదో తరగతితోనే ఆగిపోయింది. ఇంటర్లో 1ఎ, 1బి, 2ఎ, 2బి, అప్పటికింకా నాలుగు పేపర్ల పద్ధతే. అందులో గణితానుగమనం లాంటివి ఉన్నాయి గానీ, ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసు, ఆ అచ్చు మీద పోసెయ్యడమే. హాస్టల్ చదువు మిగతాది తుడిచిపెట్టింది. ప్రశ్నకు నిమిషం పైచిలుకు దొరికే పరీక్షకు రెండేళ్లు తర్ఫీదు పొందినవాళ్లకు, యూజీబీ ప్రశ్నకు పదిహేను నిమిషాలు ఇస్తే ఆ సమయంతో ఏం చెయ్యాలో తెలీదు. తప్పు పిల్లలది కాదు.

ఇంట్లో మాట

తండ్రికి అసలు భయం ఏడాది గురించి. "ఇంజినీరింగులో సీటొచ్చింది మాస్టారూ. అదొగ్గీమంటారేటి? మళ్లీ ఏడాది అయ్యాక ఇదీ రాపోతే పిల్ల ఏటైపోద్ది?" న్యాయమైన ప్రశ్న. ఇంట్లో ఖాళీగా కూర్చుని రెండోసారి రాయడం నేనెప్పుడూ ఒప్పుకోను. ఇక్కడే డిగ్రీలో గణితం మేజర్‌గా చేరమన్నాను. ఏడాది పోదు, పైగా అక్కడ చెప్పే పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఐఎస్ఐలో ట్యూషన్ ఫీజు లేకపోవడం, నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం ఆయనకు నచ్చాయి. తల్లికి మాత్రం కలకత్తా అన్న మాటే నచ్చలేదు. సి.ఆర్. రావు గారి సంగతి చెప్పాను: విశాఖలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా తీసుకుని, 1941లో ఆ కలకత్తా సంస్థకే వెళ్లారని, ప్రపంచంలో గణాంకశాస్త్రం చదివే ప్రతివాళ్లూ ఆయన పేరు రాస్తారని. "ఆయన మగోడు కద బాబూ" అంది ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి కూతురే ఒప్పించుకుంది, ఎలాగో నాకు చెప్పలేదు.

తెలుగులో రాయడం

జూలై నుంచి పద్ధతి చాలా సాదా. రోజుకి ఒక్క ప్రశ్న. తెల్ల కాగితం మీద, ఫోను పక్క గదిలో. గంట తర్వాత రాకపోతే వదిలెయ్యాలి, జవాబు చూడకూడదు, మర్నాడు మళ్లీ అదే. పొద్దున్న చీపురుపల్లి నుంచి విజయనగరం ప్యాసింజర్లో పెన్ను తియ్యకూడదు, ప్రశ్న బుర్రలో తిప్పాలి. ఇది నేను పెట్టిన నియమాలన్నిటిలోకీ ఎక్కువ పనిచేసింది. కాగితం ఉంటే ఆమె చెయ్యి వెంటనే సూత్రం రాసేది. కాగితం లేకపోతే ఆలోచించక తప్పదు.

భాష విషయంలో నాకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కదా, మొదటి నుంచీ ఇంగ్లిషే రాయించండి అంటారు. నేను దీపావళి దాకా తెలుగులోనే రాయించాను. ఇంగ్లిష్‌లో రాయమంటే ఆమె గుర్తులు మాత్రమే రాసేది, బాణం గుర్తు, చుక్కల గుర్తు, సమానం గుర్తు, వాటి మధ్య మాట ఉండేది కాదు. కారణం లేని చోట కారణం లేదని ఎవరికీ కనపడదు. తెలుగులో రాస్తే "ఎందుకంటే" అన్న మాట దగ్గర పెన్ను ఆగిపోయేది. ఆగిన చోటే ఖాళీ ఉందన్నమాట.

మొదట్లో ఇచ్చినవాటిలో ఒకటి: 3 కంటె పెద్దదైన ఏ ప్రధాన సంఖ్య వర్గంలోంచి అయినా 1 తీసేస్తే వచ్చేది 24తో భాగింపబడుతుందని చూపమన్నాను. ఆమె రాసింది: 5కి 24, 7కి 48, 11కి 120, 13కి 168, కాబట్టి నిరూపితం. నేనేమీ అనకుండా ఇంకో కాగితం ఇచ్చాను. ఒక సంఖ్య, దాని వర్గం, 41, మూడూ కలిపితే ప్రధాన సంఖ్యే వస్తుందా? సున్నా నుంచి మొదలుపెట్టి పెట్టుకుంటూ వెళ్లింది. 41, 43, 47, 53, 61. పదిహేను దాటాక "వస్తాది సార్" అంది. 40 పెట్టమన్నాను. 1681. అది 41 వర్గం. సున్నా నుంచి 39 దాకా ఒక్క చోట కూడా తప్పదు, 40 దగ్గర విరిగిపోతుంది. ఆయిలర్ కాలం నుంచీ టీచర్లు పిల్లల మీద వాడుతున్న దెబ్బ ఇది, ఇంకా పనిచేస్తోంది. ఆ తర్వాత 24 ప్రశ్నకు వచ్చి, ప్రధాన సంఖ్యకు అటూ ఇటూ ఉన్నవి పక్కపక్క సరి సంఖ్యలని, వాటిలో ఒకటి 4తో పోతుందని, అందువల్ల లబ్ధం 8తో పోతుందని, వరుస మూడింటిలో ఒకటి 3తో పోవాలి గానీ మధ్యది ప్రధాన సంఖ్య కాబట్టి అది కాదని, తనే రాసుకొచ్చింది.

సెప్టెంబరు చివర్లో ఒక కాగితం నేను దాచుకున్నాను. ప్రశ్న: పూర్ణాంక గుణకాలున్న బహుపది. 0 దగ్గర, 1 దగ్గర దాని విలువలు రెండూ బేసి. దానికి పూర్ణాంక మూలం ఉండదని చూపాలి. ఆమె రాసింది ఇది: "ఒక పూర్ణాంకం సరి అయితే, దాన్ని బహుపదిలో పెడితే వచ్చే విలువకూ, 0 పెడితే వచ్చే విలువకూ తేడా సరి సంఖ్య. ఎందుకంటే స్థిర పదం పోగా మిగిలిన ప్రతి పదంలోనూ ఆ సరి సంఖ్య గుణకంగా ఉంది. బేసి అయితే 1 పెట్టినప్పటి విలువతో తేడా సరి. ఎందుకంటే బేసి సంఖ్య ఏ ఘాతమైనా బేసే, అందులోంచి 1 తీస్తే సరి. రెండు సందర్భాల్లోనూ విలువ బేసి. సున్నా సరి. కాబట్టి విలువ సున్నా కాలేదు." ఇందులో నేను కొట్టెయ్యవలసిన మాట లేదు, చేర్చవలసిన మాట లేదు. దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది.

ఆ మర్నాడే దసరా సెలవులు, తర్వాత పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఊరంతా జనం, మా వీధిలోకి మనిషి దూరలేడు. ఒక వారం చదువు లేదు. నాకేం బాధ లేదు.

తప్పుడు నిరూపణలు

దసరా తర్వాత పాత్ర మార్చాను. నేను నిరూపణ రాసి ఇస్తాను, అందులో ఒక తప్పు ఉంటుంది, ఆమె దిద్ది పదికి మార్కు వెయ్యాలి. కొన్నిట్లో తప్పు ఉండదు, అది చెప్పను. పిల్లలు తమ తప్పు కంటె మాస్టారి తప్పు ఎక్కువ ఆనందంగా వెతుకుతారు.

ఆమె చాలా రోజులు దాటలేకపోయినది ఒకటుంది. రెండు ధన సంఖ్యల సగటు వాటి గుణమధ్యమం కంటె తక్కువ కాదని చూపాలి. నేను ఇలా రాశాను: నిరూపించవలసిన దాన్నే తీసుకున్నాను, వర్గం చేశాను, సర్దాను, చివరికి తేడా వర్గం సున్నాకు తక్కువ కాదని తేలింది, అది నిజం, కాబట్టి మొదటిది నిజం. ఆమె పదికి పది వేసింది. "మైనస్ ఒకటి ఒకటికి సమానం అనుకో. వర్గం చెయ్యి. ఒకటి ఒకటికి సమానం, నిజం. అయితే మొదటిది నిజమేనా?" అన్నాను. చాలాసేపు చూసి, వేసిన పదిని కొట్టేసి నాలుగు వేసింది. ఆ నిరూపణలో దశలన్నీ వెనక్కి నడవగలిగినవే, కింద నుంచి పైకి రాస్తే పదికి పదీ ఇవ్వాలి. నడిచే దిక్కు చెప్పకపోవడమే లోపం. పాత పేపర్లు దిద్దినప్పుడు ఆమె సొంత సమాధానాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఆమెకే కనపడడం మొదలైంది.

కలనగణితంలో ఇంకో రకం జబ్బు. ప్రశ్న ఇది: ఒక ప్రమేయం ఉంది. ఏ రెండు వాస్తవ సంఖ్యలు తీసుకున్నా, వాటి దగ్గర ప్రమేయం విలువల తేడా ఆ సంఖ్యల తేడా వర్గాన్ని మించదు. ప్రమేయం స్థిరమని చూపాలి. ఆమె రెండు వైపులా అవకలనం చేసేసింది. అసమానతను అవకలనం చెయ్యకూడదన్నది ఒక తప్పు. అవకలజం ఉందని ఎవరు చెప్పారన్నది అంతకంటె పెద్దది. సరిచేశాం: సంఖ్యల తేడాతో భాగిస్తే, నిష్పత్తి ఆ తేడాను మించదు, తేడా సున్నాకు పోతే నిష్పత్తీ సున్నాకు పోతుంది, కాబట్టి అవకలజం ఉంది, అది సున్నా. సరే, అవకలజం సున్నా అయితే స్థిరమని ఎందుకు? "అంతే కద సార్" అంది. లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం 1బిలో చదివింది, రెండు మార్కులకు రోల్ సిద్ధాంతాన్ని సరిచూడడమూ చేసింది. అది ఇక్కడ పనికొచ్చే పనిముట్టు అని ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో అదే ప్రశ్నకు, నేను అడక్కుండానే, ఇంకో సమాధానం తెచ్చింది. అవకలజమే అక్కర్లేదంది. రెండు బిందువుల మధ్య దూరాన్ని వంద సమాన ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క మీద తేడా దూరం వర్గంలో పదివేలో వంతును మించదు. వంద ముక్కలు కలిపితే వందో వంతు. ముక్కలు వెయ్యి చేస్తే వెయ్యో వంతు. ముక్కలు ఎన్నైనా చెయ్యొచ్చు కాబట్టి తేడా సున్నాయే. రైల్లో తట్టిందట, నెల్లిమర్ల దాటాక. ఈ సమాధానం నాకు తెలుసు, కానీ తనకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజే ఈ కేసు రాయాలనుకున్నాను, ఫలితంతో నిమిత్తం లేకుండా.

డిసెంబరు మాక్

మధ్యలో డిసెంబరు సంగతి చెప్పాలి. పాత యూజీఏ పేపరు ఒకటి గడియారం పెట్టి రాయించాను. 14 నింపింది, 13 సరి. 52, వదిలేసిన 16కి 16, మొత్తం 68. మేలో 48 వచ్చిన పిల్లకు 68 రావడం ఆమెకు పండగ. నాకు కాలేదు. ఆ పదహారిట్లో తొమ్మిదింటిని అసలు చదవలేదు, టైమైపోయింది. ఏమైందంటే, ఇప్పుడు ప్రతి బహుళైచ్ఛిక ప్రశ్నకూ పూర్తి నిరూపణ రాసేస్తోంది. ముందు కారణం లేకుండా జవాబు పెట్టేది, ఇప్పుడు కారణం పూర్తయ్యేదాకా జవాబు పెట్టదు.

యూజీఏకి ప్రశ్నకు నాలుగు నిమిషాలు. అక్కడ ఆప్షన్లు కూడా సమాచారమే. సాధారణ సూత్రం అడిగి నాలుగు సూత్రాలు ఇస్తే 1, 2 పెట్టి చూడాలి, రెండు మూడు అక్కడే రాలిపోతాయి. సౌష్ఠవం ఉన్న ప్రశ్నలో అన్నీ సమానమనుకుని చూడాలి. బొమ్మ గీసి చూడాలి. జనవరి అంతా పొద్దున్న ఒక నిరూపణ, సాయంత్రం అరగంటలో ఏడెనిమిది బహుళైచ్ఛికాలు, ఇలా రెండు పూటలకు రెండు బుర్రలు పెట్టుకోమన్నాను. ప్రతి ప్రశ్న పక్కనా ఒక అక్షరం రాయాలి: చేసి పెట్టిందా, ఒక ఆప్షన్ కొట్టేసి పెట్టిందా, వదిలిందా. సగం తెలిసినవాళ్ల కోసం పెట్టిన ఎర ఆప్షన్ కనపడితే దాని పక్కన "ఎర" అని రాయాలి. సంక్రాంతికి కూడా ఆ కాగితాలు పట్టుకునే తిరిగిందని వాళ్లమ్మ నా మీద కోప్పడింది.

ఏప్రిల్‌లో సెమిస్టర్ పరీక్షలు అడ్డొచ్చాయి. మూడు వారాలు పోయాయి. చేసేదేమీ లేదు.

ఫలితం

రెండో మేలో యూజీఏలో 21 నింపి 9 వదిలింది. 17 సరి. 68, 9, మొత్తం 77. నాలుగు తప్పుల్లో రెండు లెక్కలో పొరపాట్లు, ఎరలో పడింది ఒక్కటి. యూజీబీలో నాలుగు పూర్తిగా రాశానంది, రెండు సగం. మళ్లీ నాకు రాసి చూపిస్తే మూడు పూర్తి అన్నాను, నాలుగోదాంట్లో ఒక సందర్భం వదిలేసింది.

ఐఎస్ఐ జాబితాలో పేరు రాలేదు. సీఎంఐ గణితం, కంప్యూటర్ సైన్స్ బీఎస్సీకి వచ్చింది.

ఐఎస్ఐ ఎందుకు రాలేదన్నదానికి నా అంచనా చెబుతాను. క్షేత్రగణితం. పదో తరగతి త్రిభుజాలు, వృత్తాల దగ్గర ఆమె ఆగిపోయింది, నిరూపక రేఖాగణితంతో ప్రతిదీ నెట్టుకొచ్చింది. ఏ బొమ్మ ఇచ్చినా అక్షాలు గీసేస్తుంది. చాలాసార్లు పని అవుతుంది, కొన్నిసార్లు రెండు పేజీల బీజగణితంలో మునిగిపోతుంది. ఆ రోజు యూజీబీలో అదే జరిగింది, ఒక ప్రశ్న మీద నలభై నిమిషాలు పోయాయి. ఏడాదిలో అన్నీ అవవు. సంఖ్యావాదం, అసమానతలు, ప్రమేయాలు ముందు పెట్టుకున్నాం, ఎందుకంటే పాత పేపర్లు తిరగేస్తే అవే ఎక్కువ కనపడ్డాయి, అవే ఇంటర్లో దాదాపు లేనివి. మళ్లీ చెయ్యమన్నా అదే వరుస పెడతాను.

తండ్రి చెన్నై పేరు వినగానే ఒప్పుకున్నాడు. చీపురుపల్లిలో చాలా ఇళ్లకు కలకత్తా కంటె చెన్నై ఎక్కువ తెలిసిన ఊరు, పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఫీజు రాయితీకి దరఖాస్తు పెట్టారు. ఆమె ఇప్పుడు వృత్తాల మీద ఉన్న పాత ప్రశ్నలు అక్షాలు గీయకుండా చేస్తోంది. నేను చెప్పలేదు, తనే మొదలుపెట్టింది.

ఇది చదివి, మా అబ్బాయికీ తక్కువ వచ్చింది, రెండోసారి రాయిస్తామని వచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. అదే జూన్‌లో రాజాం నుంచి ఒక అబ్బాయి కూడా వచ్చాడు. మార్కులు ఈ అమ్మాయి కంటె ఎక్కువే. వాడికీ రూట్ నాలుగు ఇచ్చాను. మర్నాడు వచ్చి, నెట్‌లో చూశానని జవాబు చెప్పాడు, తప్పేం లేదు, సరిగ్గానే చెప్పాడు. ఇంకో ప్రశ్న ఇస్తే పావుగంటలో "ఇది సిలబస్‌లో ఉందా సార్?" అని అడిగాడు. ఐఎస్ఐ ఎందుకు కావాలంటే ప్లేస్‌మెంట్లు బాగుంటాయన్నాడు. ఎన్ఐటీలో కంప్యూటర్ సైన్స్ సీటు చేతిలో ఉంది. వెళ్లి చేరమన్నాను. వాళ్ల నాన్న నొచ్చుకున్నారు, అమ్మాయికి ఒప్పుకుని మావాడికి ఎందుకు వద్దంటున్నారని. అబ్బాయి మాత్రం ఆ సాయంత్రమే ఫీజు కట్టేశాడు. మొన్న సెలవులకొచ్చి కనపడ్డాడు, కోడింగ్ పోటీలకు వెళ్తున్నాడట, కులాసాగా ఉన్నాడు.